గంటస్తంభము చెంత ఒక మరమ్మతుశాల

ఆమదాలవలసలో ప్యాసింజరు బండి యెక్కి, ఒడిలో ఆంప్లిఫయరును, చంకన గుడ్డసంచిలో రికార్డు ప్లేయరు చేతిని, ఒక పాత రికార్డును పెట్టుకొని నేను విజయనగరము చేరునప్పటికి ప్రొద్దు బారెడెక్కినది. మూడు నెలల క్రిందట పరనగరమందలి యొక అంగడివాని మాట నమ్మి, ముల్లు నిముడ్చుకొన్న ఖరీదైన కార్ట్రిడ్జి నొకదానిని ప్లేయరు చేతికి అమర్చుకొంటిని. నాటినుండి ఘంటసాలవారి భగవద్గీత పెట్టిన ప్రతి పర్యాయము ఆ కంఠము గోడ కావల నుండి వచ్చుచున్నట్లు క్షీణించుటయు, వాల్యూము పెంచినచో శ్లోకముతోపాటు వానజల్లు వంటి బుసయు పెరుగుటయు నా మనస్సును కలచివేయుచుండెను.

గంటస్తంభము దాటి సందు తిరిగినంతనే ఆ మరమ్మతుశాల కానవచ్చెను. గోడ పొడవునా విప్పిన రేడియోలు, సోల్డరింగు పొగ, మధ్య నొక బల్ల. డెబ్బదియేండ్లు దాటిన మాస్టారు నా సామగ్రిని తిరుగవేసి చూచి, కళ్లద్దములు నుదుటి కెక్కించుకొని, "ఇందులో దోసమేటీ లేదు బాబూ. రెండూ మంచివే. జత కుదరలేదు, అంతే" అనిరి.

పిమ్మట కాగితపు ముక్కపై లెక్క వ్రాసి చూపిరి. ఒకజాతి కార్ట్రిడ్జిలో ముల్లుతోపాటు అయస్కాంతము కదలును, తీగచుట్ట నిలుచును. చుట్లు వేలకొలది యుండుటచే దాని పలుకు సుమారు 4 మిల్లీవోల్టులు. రెండవజాతిలో చుట్టయే ముల్లుతో కదలవలెను గనుక, తేలికకై చుట్లు తగ్గించుటచే 0.4 మిల్లీవోల్టు మాత్రమే వెలువడును. నా కార్ట్రిడ్జి ఈ రెండవజాతిది. నా ఆంప్లిఫయరులో రికార్డు పలుకును మొదట పెంచు ఫోనో స్టేజి మాత్రము మొదటి జాతికై కట్టబడినది. దాని వృద్ధి 40 డెసిబెళ్లు, అనగా నూరు రెట్లు. నాలుగు మిల్లీవోల్టులు నన్నూరు కావలసినచోట నాకు లభించినది నలువదియే. బుస యందలి పెద్దభాగము ఆ మొదటి దశయందే పుట్టును. దాని తరువాత నున్న వాల్యూము రెంటిని సమానముగ పెంచునే గాని, కంఠమును మాత్రము వేరుచేయజాలదు. వాల్యూము పెంచుటయే మూడు నెలలు నేను చేసిన తప్పు.

ఫోనో స్టేజిని విడిచి టేపు సాకెట్టులో తీగ పెట్టుటకును వీలులేదు. రికార్డు కోయునపుడు మంద్రమును తగ్గించి, తారమును పెంచుదురు. 1954 నుండి స్థిరపడిన కొలత ప్రకారము ఆ చివర, ఈ చివర దాదాపు 20 డెసిబెళ్ల మార్పును ఫోనో స్టేజియే సరిదిద్దవలెను. మా బాల్యమున ఈ చింత యెవ్వరికిని లేకుండెను. నాటి ప్లేయర్లలోని సిరామిక్ కార్ట్రిడ్జి వందలకొలది మిల్లీవోల్టు లిచ్చుటచే రేడియో వెనుక సాకెట్టులో తీగ గుచ్చిన చాలుచుండెను.

బీరువా నుండి మాస్టారు ద్వారం వెంకటస్వామినాయుడుగారి 78 వేగపు రికార్డును రెండు చేతులతో, విగ్రహమును దించినట్లు, వెలికి తీసిరి. ఆ పట్టణమందలి సంగీత కళాశాల 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారి అధ్యక్షతన వెలసినది. అందే నాయుడుగారు వయొలిన్ ఆచార్యులైరి, 1936లో అధ్యక్షులైరి. మధూకర మెత్తి చదువుకొన్న ఘంటసాలయు అచ్చటి విద్యార్థియే. ఆ రికార్డుపై నా ముల్లును దింపనీయలేదు. దాని గాడికి అంగుళములో వెయ్యింట మూడు వంతుల మొన కావలెను. నాది వెయ్యింట నొకవంతుకును తక్కువ. అడుగున బడి గీచుకొనునట.

నాకు వారు చేసిన చికిత్స చిన్న డబ్బీ యంత ట్రాన్స్‌ఫార్మరు: ఒకటికి పది. ట్రాన్సిస్టరు లేని ఆ చుట్టలలో 0.4 నాలుగగును, ఆంప్లిఫయరు 47,000 ఓముల భారము, పదికి వర్గముచే భాగింపబడి, కార్ట్రిడ్జికి 470 ఓములుగ తోచును, నా దానికి కావలసినది నూరుకు తగ్గకుండుటయే. ఇరువది రెట్లది పెట్టరాదా యని యడిగితిని.

"ఎక్కువైతే గట్టిగా పాడిన కాడ గొంతు చిట్లిపోతాది బాబూ."

మొదట సన్నని హమ్మింగు వినబడెను. డబ్బీని ఆంప్లిఫయరుకు మూరెడు దూరము జరిపి, కొంచెము కొంచెము త్రిప్పగా నొకచోట అది అణగెను. అప్పుడు నేను తెచ్చిన భగవద్గీత రికార్డుపై ముల్లు దింపితిమి. శ్లోకమునకు ముందు ఘంటసాలవారు తీసిన ఊపిరి వినబడెను. మూడు నెలలుగ నే నెరుగని ఊపిరి. మాస్టారు చేతిలోని స్క్రూడ్రైవరు బల్లపై పెట్టిరి.

"రెండో వైపు కూడా ఎయ్యి బాబూ" అనిరి. మధ్యాహ్నపు బండి వెళ్లిపోయినది.