ఒక్క మిల్లీమీటరు

ఇల్లు కట్టేవాడు కిటికీ ఎక్కడ పెట్టాలో, ఎంత పెట్టాలో ముందే ఆలోచించుకుంటాడు. ఇల్లు లేచిన తరువాత గోడ పగలగొట్టి కిటికీ పెంచితే గాలి బాగానే వస్తుంది. దానితోపాటు వానజల్లూ వస్తుంది. ఈ సంగతి గృహస్థులందరికీ తెలిసిందే. మోటారు సైకిలు ఇంజను దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన కుర్రవాళ్లు దీన్ని మరచిపోతారు.

లెక్కల మాస్టరుగా రిటైరయిన నాకు ఇంజనులతో ఏం పని అని మీరు అడగవచ్చు. మా మేనల్లుడికి కాకినాడలో బళ్లు బాగుచేసే షాపు ఉంది. సాయంత్రం పూట అక్కడ స్టూలు వేసుకు కూర్చోవడం నాకు అలవాటు. పేకాట కంటే ఇది చవక గదా అని మా ఆవిడ కూడా అడ్డు చెప్పదు.

అక్కడ కూర్చుని నేను నేర్చుకున్నదేమిటంటే, టూస్ట్రోకు ఇంజనుది నౌకర్లు లేని సంసారం. ఫోర్‌స్ట్రోకు ఇంజనులో లోపలికి గాలి రావడానికీ, బయటికి పొగ పోవడానికీ వాల్వులనే తలుపులుంటాయి. వాటిని వేళకు తీసి మూసే సరంజామా వేరే ఉంటుంది. టూస్ట్రోకులో సిలిండరు గోడకే కిటికీలు కోసి ఉంటాయి. వాటినే పోర్టులంటారు. పిస్టను పైకీ కిందికీ తిరుగుతూ తన ఒంటితోనే వాటిని మూస్తూ తెరుస్తూ ఉంటుంది. దిగేటప్పుడు ముందు ఎగ్జాస్టు పోర్టు తెరుచుకుని కాలిన పొగ బయటపడుతుంది. మరి కాస్త దిగాక ట్రాన్స్‌ఫరు పోర్టులు తెరుచుకుని, పెట్రోలు కలిసిన కొత్త గాలి లోపలికి వస్తుంది. పోయేదారీ వచ్చేదారీ కొంతసేపు రెండూ తెరిచే ఉంటాయి. అంచేత కొత్త సరుకు కొంత పొగగొట్టం దారి పట్టక తప్పదు. ఆ కిటికీల ఎత్తు మీదే ఆ సంసారం లాభనష్టాలన్నీ ఆధారపడి ఉన్నాయి.

ఒకనాడు డిగ్రీ చదివే కుర్రవాడొకడు ఆరెక్స్ వంద బండి తోసుకుంటూ వచ్చాడు. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారయిన ఆ 98 సీసీ బండిని ఇప్పటికీ ప్రాణంతో సమానంగా చూసుకునేవారున్నారు.

"అన్నా, పోర్టింగ్ చెయ్యాలి. ఎగ్జాస్టు పోర్టు రెండు మిల్లీమీటర్లు పైకి లేపు," అన్నాడు.

"బండి ఎవరిదిరా?"

"నాన్నది."

"నాన్నకు చెప్పావా?"

కుర్రవాడు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అసలు సంగతి బయటపెట్టాడు. వాళ్ల నాన్న రోజూ తెల్లవారుజామున రెండు పాలక్యానులు కట్టుకుని, కాలవగట్టు మీదుగా టౌనుకు వస్తాడు. పాత బండి కొని ఏడాదయింది. గట్టు ఎక్కేచోట బండి లాగక, ఆయన దిగి తోసుకు రావలసి వస్తోంది. పెట్రోలు కూడా ఎక్కువ తాగుతోంది. పోర్టింగ్ చేయిస్తే సత్తువ వస్తుందని స్నేహితులు చెప్పారు. అరకు వెళ్దామని దాచుకున్న డబ్బు జేబులో పెట్టుకుని వచ్చాడు.

"రేసు బళ్లకు అలాగే చేస్తారట గదా, మాస్టారూ?" అని నావైపు తిరిగాడు.

చేస్తారు, నిజమే. ఈ విద్యలో మహామహులు పుట్టారు. తూర్పు జర్మనీలోని చోపావ్ అనే ఊళ్లో, ఎమ్‌జెడ్ కర్మాగారంలో, వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు ఉండేవాడు. 1961 నాటికి ఆయన 125 సీసీ ఇంజనునుంచి 25 అశ్వశక్తి పిండాడు. ఆ ఏడాదే ఆయన దగ్గర పందెం బళ్లు తోలే ఎర్నెస్ట్ డెగ్నర్ స్వీడను పోటీలకు వెళ్లి, తిరిగి తూర్పు జర్మనీ పోకుండా జపానులోని సుజుకీ వారితో కలిశాడు. మరుసటి సంవత్సరం 1962లో సుజుకీకి 50 సీసీ ప్రపంచ విజయం దక్కింది. డెగ్నర్ వెంట వెళ్లినది ఆకురాయి కాదు, కాడెన్ ఏళ్ల తరబడి కొలిచి సంపాదించిన జ్ఞానం. పైగా కాడెన్ పోర్టు ఒక్కటే చూసి ఊరుకోలేదు. పొగగొట్టంలో వెనక్కు వచ్చే ఒత్తిడి అల ఏ క్షణాన పోర్టు దగ్గరికి చేరుతుందో చూసి, దానికి తగ్గట్టు గొట్టాన్ని మలిచాడు. పోర్టూ గొట్టమూ ఆలుమగలవంటివి. ఒకరిని మార్చి రెండోవారిని అలాగే ఉంచితే పేచీ తప్పదు.

కుర్రవాడికి ఒక చిన్న లెక్క వేసి చూపించాను. ఆ బండి స్ట్రోకు 50 మి.మీ. కనెక్టింగ్ రాడ్డు 100 మి.మీ. అనుకుందాం. పిస్టను శిఖరం నుంచి 30.3 మి.మీ. దిగేసరికి క్రాంకు 95 డిగ్రీలు తిరుగుతుంది. పోర్టు పైఅంచు అక్కడ ఉంటే, దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ కలిపి 170 డిగ్రీలపాటు అది తెరిచి ఉంటుంది. అంచును సుమారు రెండు మిల్లీమీటర్లు పైకి కోస్తే అది 180 డిగ్రీలవుతుంది. అంటే ఒక్క మిల్లీమీటరుకు దాదాపు అయిదు డిగ్రీలు!

నిమిషానికి 7,500 చుట్లు తిరిగేటప్పుడు ఆ 180 డిగ్రీలకు పట్టే కాలం సెకనులో 250వ వంతు. అంత హడావుడిలో కిటికీ ఎత్తుగా ఉంటేనే పొగ పోతుంది, నిజమే. కాని 2,500 చుట్ల దగ్గర అదే కిటికీ మూడింతల కాలం తెరిచి ఉంటుంది. మంట పిస్టనును తోయడం పూర్తికాకముందే ఒత్తిడి బయటికి పోతుంది. కొత్త పెట్రోలూ దాని వెంటే పోతుంది. పోర్టు లేపితే వచ్చే బలం అంతా పైవేగానికే. పాలక్యానులతో గట్టు ఎక్కేది ఆ వేగంలో కాదు.

"అయితే ఇప్పుడు గట్టెందుకు ఎక్కడం లేదు?" అన్నాడు కుర్రవాడు. మంచి ప్రశ్న. కొలిచి చూద్దామన్నాడు మా మేనల్లుడు.

మాగ్నెటు వైపు క్రాంకుకు కోణమాని చక్రం బిగించాడు. పిస్టను శిఖరం మీద ఉన్నప్పుడు కాసేపు కదలనట్టే ఉంటుంది కనుక, కంటిచూపును నమ్మితే లెక్క తప్పుతుంది. ప్లగ్గు రంధ్రంలో ఒక అడ్డు బిగించి, పిస్టను దానికి తగిలేదాకా అటు ఒకసారి, ఇటు ఒకసారి తిప్పి, రెండు అంకెల మధ్యబిందువును శిఖరంగా తీసుకున్నాడు. సైలెన్సరు విప్పి లోపలికి చూస్తూ, పోర్టు అంచు దగ్గర సన్నని వెలుగుగీత కనపడగానే అంకె చెప్పాడు. నేను రాసుకున్నాను. తెరిచి ఉండేది 180 డిగ్రీలకు పైచిలుకు తేలింది.

తరువాత బోరు విప్పాడు. తెల్లకాగితం చుట్టి లోపల గోడకు అంటించి, పిల్లలు నాణెం మీద పెన్సిలు రుద్దినట్టు వేలికి మసి రాసుకుని రుద్దాడు. పోర్టుల రూపం కాగితం మీద పడింది. అలమరలో ఉన్న, ఎన్నడూ ఆకురాయి తగలని అదే బండి బోరుకు కూడా అలాగే చేశాడు. రెండు కాగితాలూ పక్కపక్కన పరిచాం.

ఈ బండి పోర్టు అప్పటికే రెండు మిల్లీమీటర్లు పైకి పోయి ఉంది! పైగా ఎడమమూల ఎత్తు, కుడిమూల పల్లం. అంచు నునుపు చేయలేదు. రింగు ఆ పదును మీద ఒరుసుకుని గీతలు పడింది. ఇంకొన్నాళ్లకు పోర్టులో ఇరుక్కుని విరిగేది. తెల్లవారుజామున, గట్టు మీద, రెండు క్యానులతో.

పాత యజమాని ఎవరో, కోసినవాడెవరో మనకు తెలియదు. కుర్రవాడు మాత్రం ఆ కాగితాలవైపు చాలాసేపు చూశాడు. రోగమేదో దానినే మందుగా ఇంకో రెండు మిల్లీమీటర్లు పోయించబోయాడు గదా!

"మళ్లీ అతికించడానికి వీల్లేదా అన్నా?"

"కోసిన ఇనుము తిరిగిరాదు. కొత్త బోరు, పిస్టను, రింగులు వేసుకోవాలి."

అరకు డబ్బు దానికే అయిపోయింది. ఇంటికి వెళ్లి తండ్రితో అంతా చెప్పి మరీ పనికి ఒప్పుకున్నాడు. నాలుగోనాడు తండ్రే బండి తీసుకోవడానికి వచ్చాడు. డిగ్రీలూ మిల్లీమీటర్లూ ఆయన అడగలేదు.

"గట్టు ఎక్కుద్దాండీ?" అన్నాడు.

"మొదట్లో మెల్లగా తోలండి బాబాయ్, రింగులు కుదురుకోవాలి. తరువాత మీరే చూడండి," అన్నాడు మావాడు.

ఎక్కిందని వారం తరువాత కుర్రవాడు చెప్పి పోయాడు. ఆ రెండు కాగితాలనూ మా మేనల్లుడు షాపు గోడకు అంటించాడు. పోర్టింగ్ అంటూ ఎవరు వచ్చినా, ముందు వాటిని చూపించి, బండి ఎవరిది, దేనికి వాడతారు అని అడుగుతాడు. ఆకురాయి ఆ తరువాతే.