ఎవరి మొక్కో... ఈ జడ!

'చిక్కు వెంట్రుకలకు గిన్నెలిస్తాం...' చైతన్యపురి సందుల్లో అప్పుడప్పుడూ వినిపించే కేక అది. దువ్వెనకు వచ్చిన జుట్టును కవర్లో దాచిపెట్టుకుని, బేరమాడి, ఓ స్టీలు గిన్నె పుచ్చుకోవడం అక్కడి ఆడవాళ్లకు కొత్తేం కాదు. ఓ ఇంటి రెండో అంతస్తులో ఉండే తల్లి కూడా ఏళ్లుగా అలాగే చేస్తోంది. మామూలుగా ఆ కవరు నిండటానికి ఏడాది పడుతుంది. ఆ డిసెంబరులో మాత్రం ఇరవై రోజుల్లోనే నిండిపోయింది. అందులో ఉన్నది ఆమె జుట్టు కాదు, చిన్న కూతురిది. గిన్నెలవాడి కేక వినిపించినా ఆరోజు ఆమె తలుపు తియ్యలేదు.

సెప్టెంబరులో ఆ అమ్మాయికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయి వారం పైగా ఆసుపత్రిలోనే ఉంది. బయట బెంచీ మీద కూర్చుని తల్లి మొక్కుకుంది... పిల్ల గట్టెక్కితే తన తలనీలాలు ఇస్తానని. పిల్ల గట్టెక్కింది. సంబంధం కుదిరింది. మాఘమాసంలో ముహూర్తం పెట్టారు. అంతా బాగుందనుకునే సమయానికి మొదలైంది జుట్టు రాలడం!

'పెద్ద జ్వరం వస్తే పెరుగుతున్న వెంట్రుకల్లో చాలావరకు ఒక్కసారే విశ్రాంతి దశలోకి వెళ్లిపోతాయి. రెండు మూడు నెలలకు అవన్నీ రాలతాయి. కుదుళ్లు చచ్చిపోవు కాబట్టి కొన్ని నెలల్లో మళ్లీ వస్తుంది. కంగారుపడకండి' అన్నాడు చర్మవ్యాధుల డాక్టరు. ధైర్యమైతే వచ్చింది. కానీ ముహూర్తం కొన్ని నెలలు ఆగదుగా!

గుండుతో అమ్మ

డిసెంబరు చివరివారంలో తల్లి తిరుమలకు బయల్దేరింది. చుట్టాలు ఆపబోయారు. 'పెళ్లి పెట్టుకుని గుండేమిటి? మూడు కత్తెర్లు ఇస్తే సరిపోదా' అన్నారు. 'మూడు కత్తెర్లని నేను మొక్కలేదుగా' అందామె. కల్యాణకట్టలో కూర్చుని, నడుం దాటిన జడను ఇచ్చేసి వచ్చింది. ఏడుకొండల్లో ఒకటి నీలాద్రి. స్వామి తలకు గాయమై జుట్టు పోతే నీలాదేవి తన కురులు ఇచ్చిందనీ, అందుకే భక్తులిచ్చే జుట్టును తలనీలాలు అంటారనీ ఓ కథ. ఆ కథ ఆమెకు తెలుసు. ఆ తర్వాత ఆ జుట్టు ఎక్కడికి వెళ్తుందన్నది మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇంటికొచ్చిన తల్లి నున్నటి తల నిమిరి చిన్నది భోరుమంది. 'నాకోసం నువ్వు ఇచ్చేశావు. నాదేమో దానంతటదే పోతోంది'.

బీరువాలో అమ్మమ్మ సవరం ఉంది. పాత నూలుచీర ముక్కలో చుట్టి, వేపాకులు వేసి దాచింది. తీసి కట్టి చూశారు. పలచబడ్డ జుట్టుకు ముడి నిలవలేదు. దానిమీద పూలజడ బరువు కూడా పడితే ఉన్న నాలుగు వెంట్రుకలూ ఊడతాయని భయం. అమ్మాయి దిగులు అదొక్కటే కాదు. పెళ్లికొడుక్కి ఫోన్లో విషయం చెప్పేసింది. అతను 'అదేం పెద్ద విషయం' అన్నాడు. మరి అత్తగారింట్లో? రాత్రి పడుకునేముందు సవరం విప్పి కొక్కేనికి తగిలించడం, పొద్దున్నే ఎవరూ లేవకముందే మళ్లీ కట్టుకోవడం... తలచుకుంటేనే ఆమెకు నిద్రపట్టలేదు.

అట్లాంటా నుంచి కట్ట

అప్పుడే అట్లాంటాలో ఉంటున్న అక్క ఫోన్లో ఓ మాట చెప్పింది. 'ఇక్కడ నా కొలీగ్ వాళ్లింట్లో ఆదివారం వస్తే చాలు, అక్కాచెల్లెళ్లు కూర్చుని ఒకరికొకరు జుట్టు కుట్టుకుంటారు. నేనూ నేర్చుకున్నా'.

నిజమే. అమెరికాలో నల్లజాతి మహిళలకు అది ఇంటివిద్య లాంటిది. క్లీవ్‌లాండ్‌కు చెందిన క్రిస్టీనా జెన్కిన్స్ ఈ కుట్టుపద్ధతికి 1952లో పేటెంటు పొందింది. సొంత జుట్టును తలకు అంటిపెట్టుకునేలా సన్నజడలుగా అల్లుతారు. పొడవాటి జుట్టును అంచున కుట్టిన పట్టీలను వంపు సూదితో ఆ జడలకు కుడతారు. సూది తలకు తగలదు, జడ కిందనుంచి వెళ్తుంది.

డాక్టర్ని అడిగితే 'ఇప్పుడు వద్దంటేనే మేలు. తప్పదంటే తక్కువ బరువు, వదులు అల్లిక, ఆరువారాలకు మించొద్దు. నొప్పి పుడితే వెంటనే తీసెయ్యండి' అన్నాడు.

పెళ్లికి రెండు వారాలముందు అక్క దిగింది. సూట్‌కేసులోంచి వంద గ్రాముల జుట్టుకట్ట తీసింది. దాని అట్టమీద చీటీని చదివి వినిపించింది... 'ఇండియన్ టెంపుల్ హెయిర్'. ఓ క్షణం ఎవరూ మాట్లాడలేదు. తిరుమలలో భక్తులిచ్చిన జుట్టును పొడవును బట్టి వేరుచేసి తితిదే వేలం వేస్తుంది. అది విగ్గులై, పట్టీలై దేశదేశాలకు వెళ్తుంది. ఆ చీటీలోని గుడి తిరుమలో, మరొకటో చెప్పడం ఎవరితరం? తల్లి మాత్రం కట్టను రెండు చేతులతో అందుకుంది. 'ఎవరి మొక్కో బిడ్డా... కాలు తగలకుండ పెట్టు' అంది.

విప్పి మళ్లీ కుట్టారు

ముహూర్తానికి అయిదు రోజులముందు సాయంత్రం వంటింటి పక్కన చాప పరిచారు. అక్క తలవెనక రెండు వరసలు అల్లింది. మన జుట్టు నున్నగా ఉండి జారిపోతుందని పాయల్లో దారం కలిపి మరీ బిగించింది. నాలుగు గంటల తర్వాత అద్దంలో చూసుకుంటే నడుందాకా జుట్టు! చిన్నది మురిసిపోయింది. పదకొండయ్యేసరికి తల పగిలిపోతోందంది. మెడదగ్గర చర్మం లాగేసి చిన్న పొక్కులు లేచాయి.

'మొదటిరోజు అలాగే ఉంటుందిలేవే' అంది అక్క.

తల్లి లేచి లైటు వేసింది. 'ఇప్పెయ్. జడ కోసం పిల్లను ఏడిపిస్తమా?'

రాత్రి ఒంటిగంటదాకా కుట్లు విప్పారు. అక్క అట్లాంటాకి వీడియో కాల్ చేస్తే కొలీగ్ చీవాట్లు పెట్టింది. నొప్పి అనేది అందం కోసం పడాల్సిన కష్టం కాదనీ, కుదుళ్లు ఆగలేమని చెప్పే మాటనీ చెప్పింది. బిగించి లాగితే నుదుటి దగ్గర, మెడ దగ్గర జుట్టు పోతుంది. అలా ఏళ్లతరబడి లాగితే అది తిరిగి రాకపోవచ్చు కూడా. రెండోరోజు విశ్రాంతి ఇచ్చి మూడోరోజు మళ్లీ కూర్చున్నారు. ఈసారి అల్లిక వదులు. పట్టీలు సగమే. నుదుటి చుట్టూ ఉన్న జుట్టును ముట్టుకోలేదు. అల్లుతున్నంతసేపూ తల్లి 'లాగుతోందా' అని అడుగుతూనే ఉంది. పీటల మీద పూలజడ నిండుగానే కనిపించింది. పక్కన కొంగు కప్పుకోకుండా, పొట్టి జుట్టుతోనే తల్లి కన్యాదానం చేసింది.

అప్పగింతలప్పుడు కూతురి చేతిలో అక్క ఓ కాగితం పెట్టింది. కుంకుడుకాయ వద్దు, పిప్పి వరసల్లో ఇరుక్కుంటుంది. పదిరోజులకోసారి షాంపూను నీళ్లలో కలిపి, సీసాతో వరసల మధ్య పొయ్యాలి. నూనె వేలికొసతో రెండు చుక్కలే. దువ్వెన చివర్ల నుంచి పైకి. రాత్రి వదులుజడ, దిండుమీద పాత పట్టుచీర ముక్క. అన్నిటికన్నా ముఖ్యం... తడితో పడుకోవద్దు. లోపలి జడ ఆరకపోతే వాసన, బూజు, దురద!

ఆఖరిదే అత్తగారింట్లో గుట్టు బయటపెట్టింది. తలంటుకుని గంటైనా ఆరబెట్టుకుంటున్న కోడల్ని చూసి అత్తగారు అడిగింది. అమ్మాయి తడబడుతూనే చెప్పేసింది. ఆవిడేం మాట్లాడలేదు. టేబుల్ ఫ్యాను తెచ్చి కోడలివైపు తిప్పి, 'లోపలిదాకా ఆరనీ అమ్మా' అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఉగాదికి

ఉగాదికి పుట్టింటికి వచ్చేసరికి ఆరువారాలు. అక్క అప్పటికే అట్లాంటా వెళ్లిపోయింది. ఫోను గోడకానించి, ఆమె చెబుతుంటే తల్లి చిన్న కత్తెరతో దారాలు కత్తిరించింది. దారం ఏదో, వెంట్రుక ఏదో చూసుకుని ఒక్కో కుట్టూ తీసింది. జడలు విప్పగానే చేతిలోకి గుప్పెడు జుట్టు! తల్లి చెయ్యి వణికింది.

'భయపడకమ్మా' అంది ఫోన్లో పెద్దది. 'ఎవరికైనా రోజూ యాభై నుంచి వంద వెంట్రుకలు రాలతాయి. ఆ జడల్లోవి బయటకు రాలేక ఇన్నాళ్లూ అందులోనే ఉండిపోయాయి'.

దువ్వి చూస్తే నుదుటి దగ్గర అంతటా అంగుళం పొడవున కొత్త జుట్టు. గడ్డిపరకల్లా నిక్కబొడుచుకుని ఉంది. చిన్నది అద్దంలో చూసుకుంది. వెనక నిలబడ్డ అమ్మ తల చూసింది. ఇంచుమించు అంతే పొడవు.

ఇంకోసారి కుట్టించుకుంటావా అని అక్క అడిగింది. 'దీన్ని పెరగనీ ముందు' అంది.

తల్లి ఆ పట్టీలను కడిగి, నీడలో ఆరబెట్టింది. సాయంత్రం కింద కేక వినిపించింది... 'చిక్కు వెంట్రుకలకు గిన్నెలిస్తాం'. డిసెంబరు నాటి కవరు తీసుకుని మెట్లు దిగిందామె. పట్టీలను మాత్రం అమ్మమ్మ సవరం పక్కనే, నూలుచీర ముక్కలో చుట్టి పెట్టింది. నాలుగు వేపాకులు వేసింది.