హంపి బండల మీద పులీ మేకా

హంపి వెళ్లినవాళ్లంతా రాతి రథం దగ్గర ఫొటో దిగుతారు. కాళ్ల కింద చూసేవాళ్లు తక్కువ. కాస్త తల వంచితే అక్కడక్కడా మండపాల అరుగుల మీద ఆటపటాలు చెక్కి ఉంటాయి. పిచ్చిగీతలనుకునేరు! వాటిలో మన పులిజూదమూ ఉంది.

అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చిన తాతయ్యలు దాన్ని ఇట్టే గుర్తుపడతారు. మనవలకే నేర్పాలి. 3 గులకరాళ్లు పులులు, 15 చింతగింజలు మేకలు. గీతలు కలిసే చోట్లు 23. మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకితే పులి దాన్ని తిన్నట్టే. మేకలు దూకలేవు, చుట్టుముట్టి పులిని కదలకుండా కట్టేస్తాయి. కొత్తవాళ్లు తొందరపడి మేకల్ని చెల్లాచెదురుగా పెడతారు. నాలుగైదు పోయాకగానీ తెలివి రాదు. పక్కన నిలబడ్డవాళ్లకు మాత్రం ఎత్తులన్నీ ముందే తోస్తాయి, అదేం చిత్రమో!

1565లో కొల్లగొట్టిన నగరమిది. గుళ్లకు శాసనాలున్నాయి. ఈ గీతలు ఎవరు చెక్కారో చెప్పే అక్షరం లేదు. వాటి మీద సుద్దముక్కతో దిద్దడం, కొత్తవి గీయడం తగదు. 1986 నుంచి ఇది ప్రపంచ వారసత్వ ప్రదేశం.

హోసపేట నుంచి సుమారు 13 కిలోమీటర్లు. బస్సులున్నాయి. వెళ్లేటప్పుడు గుప్పెడు చింతగింజలు మూటగట్టుకుంటే సరి.