మయోర్కాలో సైకిలు యాత్ర

ఐరోపాకు దక్షిణాన మధ్యధరా సముద్రం ఉన్నది. ఆ సముద్రంలో, స్పెయిను దేశానికి తూర్పుగా, బలియారిక్ ద్వీపాలు ఉన్నాయి. వాటిలో అన్నిటికన్న పెద్దది మయోర్కా. దీని వైశాల్యం సుమారు 3,640 చదరపు కిలోమీటర్లు. సైకిలు తొక్కడం ఇష్టమైనవాళ్ళు ఏటా వసంతకాలంలో వేలకొద్దీ ఈ ద్వీపానికి వస్తారు. ఉద్యోగాల నుంచి విరమించిన మేము నలుగురు మిత్రులం కూడా ఒక ఏప్రిల్ నెలలో అక్కడికి వెళ్ళి వారం రోజులు ఉన్నాం.

ద్వీపం నడిమి భాగమంతా మైదానం. ఎటు చూసినా బాదం తోటలు, పాత గాలిమరలు, రాతి గోడల మధ్య సన్నని బాటలు. ఏప్రిల్‌లో బాదంకాయలు పచ్చగా, నూగుతో ఉంటాయి. వాయవ్యపు ఒడ్డు పొడుగునా మాత్రం సున్నపురాతి కొండలు గోడలాగా నిలబడి ఉన్నాయి. వీటి పేరు త్రముంతానా. అక్కడి రైతులు పూర్వం నుంచీ ఈ కొండవాలులను మెట్లు మెట్లుగా మలిచి, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టి, ఆలివు చెట్లు పెంచారు. వాన నీరు రాళ్ళ సందులలోంచి జారిపోతుంది, మన్ను మాత్రం నిలుస్తుంది. 2011లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చింది.

అక్కడ బళ్ళు రోడ్డుకు కుడిపక్కన నడుస్తాయి. మొదటి రోజు ప్రతి కూడలిలోనూ, "కుడి! కుడి!" అని ఒకరినొకరం హెచ్చరించుకున్నాం. సైకిలును దాటిపోయే కారు కనీసం ఒకటిన్నర మీటరు ఎడంగా పోవాలని స్పెయినులో చట్టం ఉన్నది.

నాలుగో రోజున స కలోబ్రాకు బయలుదేరాం. ఇది కొండల కింద ఉన్న చిన్న రేవు. సుమారు 680 మీటర్ల ఎత్తున ఉన్న కనుమ నుంచి దానికి ఒకటే రోడ్డు. అది రేవు దగ్గర ఆగిపోతుంది. సరదాగా దిగినవాడు మళ్ళీ అదే రోడ్డు ఎక్కి రావాలి!

1930 దశాబ్దంలో ఆంతోనియో పరియెత్తీ అనే ఇంజనీరు ఈ రోడ్డు వేయించాడు. ఒకచోట వంతెన మీదుగా వెళ్ళిన రోడ్డు గుండ్రంగా తిరిగి వచ్చి, అదే వంతెన కింద దూరిపోతుంది. దీనిని అక్కడివాళ్ళు "టై ముడి" అంటారు.

ఇన్ని మెలికలు ఎందుకు? లెక్క వేసి చూడండి. రోడ్డు పొడుగు సుమారు తొమ్మిదిన్నర కిలోమీటర్లు. అంటే వంద మీటర్లు సాగితే ఏడు మీటర్లు పైకి పోతాం. గీత గీసినట్టు తిన్నగా వేస్తే దూరం సగం కూడా ఉండదు, వాలు మాత్రం రెట్టింపు దాటుతుంది. ఏ దారిన వెళ్ళినా ఎక్కవలసిన ఎత్తు ఒకటే. కాని దారి పొడుగైనకొద్దీ అడుగడుగుకూ పెట్టవలసిన బలం తగ్గుతుంది. తిరుమల ఘాటు రోడ్డు మెలికలు తిరగడానికీ కారణం ఇదే.

మాలో లెక్కల మాస్టారుకు మోకాలి నొప్పి. రేవు నుంచి సోయెర్ రేవుకు పడవ పోతుంది. "మీరు పడవలో వెళ్ళండి," అన్నాం.

"పడవకు ఇంకా వ్యవధి ఉన్నదిగా! రెండు కిలోమీటర్లు ఎక్కి చూస్తాను. నొప్పి పుడితే వెనక్కు తిరుగుతాను. దిగడానికి తొక్కనక్కరలేదు," అన్నారాయన.

ఆయనను అందరికన్న ముందు ఉంచాం. తేలిక గేరు వేసి, మాటలాడటానికి ఊపిరి మిగిలేటంత మెల్లగా తొక్కాలని నియమం పెట్టుకున్నాం. కుర్రవాళ్ళు మమ్మల్ని దాటి రివ్వున పోతున్నారు. ఎక్కడో గొర్రెల మెడలలో గంటలు మోగుతున్నాయి. రెండు కిలోమీటర్ల దగ్గర మాస్టారు దిగి, మోకాలు తడుముకుని, నీళ్ళు తాగి, "మరొక కిలోమీటరు," అన్నారు. ఇలా కిలోమీటరుకొకసారి ఆగుతూ వచ్చాం. పైకి చాలాదూరం వచ్చాక చూస్తే, కింద సముద్రంలో పడవ నువ్వుగింజంత కనిపించింది.

"అది వెళ్ళిపోయింది. ఇక నాకు కొండే గతి," అన్నారు మాస్టారు నవ్వుతూ.

కనుమ చేరడానికి రెండు గంటలు పట్టింది. దిగేటప్పుడు మా చూపంతా బ్రేకుల మీదా, మలుపుల మీదా ఉన్నది. ఆ రోడ్డునూ, రాళ్ళనూ, సముద్రాన్నీ తీరికగా చూసినది ఎక్కేటప్పుడే. ఆ రాత్రి టమాటా రుద్ది ఆలివు నూనె పోసిన రొట్టెలు తిన్నాం. అందరికన్న ఎక్కువ తిన్నది లెక్కల మాస్టారే!