కారుకు స్పిరిట్ పోయిద్దామా?

రండి, కుంపటి దగ్గరికి జరగండి. రామకృష్ణాపూర్‌లో ఇంకేదానికైనా కరువుండొచ్చు గానీ బొగ్గుకు లేదు. గనిలో ఫస్ట్ షిఫ్ట్ వాళ్లు పనికి వెళ్లిపోయారు, తీరిగ్గా మాట్లాడుకుందాం. ఈమధ్య నలుగురు కూడితే ఒకటే మాట: కిట్టు పెట్టించి పెట్రోలు కారును ఇథనాల్‌తో నడిపితే ఖర్చు తగ్గదా అని.

బంకుల్లో ఇప్పుడు పోస్తున్న పెట్రోల్లోనే ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంది. 2023 ఏప్రిల్ నుంచి వస్తున్న కార్లలో గొట్టాలు, సీళ్లు దానికి తట్టుకునేవే. మొత్తం ఇథనాలే పోస్తామంటే మాత్రం లెక్క మారిపోతుంది. కిలో పెట్రోలు మండటానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కు 9 చాలు. ఇంజిన్ పీల్చే గాలి అంతే కాబట్టి, ఇంధనమే ఎక్కువ పొయ్యాలి. అందుకు పెద్ద ఇంజెక్టర్లు కావాలి, పంపు సరిపోవాలి, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ)లో లెక్కలు మార్చాలి. పాత రబ్బరు గొట్టాలైతే ఉబ్బి పగులుతాయి. ఇలాంటి చలి పొద్దున ఇథనాల్ సరిగా ఆవిరి కాదు, బండి మొరాయిస్తుంది. బ్రెజిల్‌లో తొలినాళ్ల ఆల్కహాల్ కార్లకు స్టార్టింగ్ కోసమే చిన్న పెట్రోలు ట్యాంకు వేరే పెట్టేవాళ్లు.

ఇథనాల్ సుగుణమూ చెప్పాలి. ఆక్టేన్ ఎక్కువ, ఇంజిన్ నాకింగ్ కొట్టదు. కానీ లీటరుకు వచ్చే శక్తి పెట్రోల్లో మూడింట రెండు వంతులే. ధర కూడా అంతకు దిగితే తప్ప జేబుకు లాభం లేదు. పైగా ఇంధనం మార్చాలంటే ఆర్టీవో ఆమోదం తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి. ఇంతా చేసి ఎక్కడ పోయించుకుంటారు? 2024 మార్చిలో ఇథనాల్ 100 అనే ఇంధనం అమ్మకం మొదలైన 183 బంకులూ ఐదు రాష్ట్రాల్లోవి, వాటిలో తెలంగాణ లేదు.

ఇంకో సంగతుంది. మన పాత ఆదిలాబాద్ జిల్లాలోనే, నిర్మల్ దగ్గర దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని 2024 నవంబర్‌లో జనం రోడ్డెక్కితే పనులు ఆపించాల్సి వచ్చింది. నీళ్లు, గాలి పాడవుతాయని వాళ్ల భయం. ఓపెన్‌కాస్ట్ గని దుమ్ములో బట్టలారేసుకునే మనకు ఆ భయం ఒకరు విడమరచి చెప్పాలా? ఏ ఇంధనమైనా ఎవరో ఒకరి ఊరి మీదుగానే వస్తుంది.

నన్నడిగితే కిట్టు డబ్బులు దాచుకోండి. కంపెనీయే ఫ్లెక్స్ ఫ్యూయల్ కారు అమ్మి, మంచిర్యాలలో బంకు కూడా పెట్టిననాడు మళ్లీ మాట్లాడుకుందాం. ఇంతకీ మీ బండి ఏ సంవత్సరం మోడలు?