వెనక నుంచి వచ్చే మూలుగు

చప్పుళ్ళ సంగతి ఆడవాళ్ళకి ఎవరూ నేర్పనక్కర్లేదు. కుక్కరు మూడో కూత కూయబోతోందో, లోపల మెతుకు అడ్డుపడి ఊరికే బుసకొడుతోందో పెరట్లో బట్టలారేస్తూనే చెప్పెయ్యగలం. పప్పు నలుగుతున్నప్పుడు మిక్సీ పాడే పాట వేరు, జారులో పప్పు గోడలకి అంటుకుపోయి బ్లేడు వట్టినే తిరుగుతున్నప్పుడు పాడే పాట వేరు. నీళ్ళ మోటారు గొంతు మారిందంటే బావిలో నీళ్ళు అడుగంటాయని అర్థం. ఇన్ని తెలిసినా, బండి విషయం వచ్చేసరికి మాత్రం మనల్ని ఎవరూ అడగరు. అడిగితే ఎంత లాభమో చెబుదామనే ఈ నాలుగు మాటలూ.

మాది కడియం దగ్గర చిన్న నర్సరీ. మొక్కలు పెంచడం ఒక ఎత్తు, అవి వాడిపోకుండా ఊరు దాటించడం ఒక ఎత్తు. అందుకని బ్యాంకులో అప్పు చేసి పికప్ బండి ఒకటి కొన్నాం. లెక్కలు మావారివి, స్టీరింగు మా మరిదిది. మట్టితో సహా కుండీలు ఎక్కించుకుని విశాఖపట్నం దాకా, ఒక్కోసారి హైదరాబాదు దాకా వెళ్ళొస్తుంది. ఆ చక్రాలు తిరిగితేనే మా పొయ్యి మీద ఎసరు మరుగుతుంది.

2023 వానలు వెనకబట్టాక ఆ బండి మూలగడం మొదలుపెట్టింది. ముందున్న ఇంజనులో కాదు, వెనకాల, ట్రాలీ కింద ఎక్కడో. మరిది పాటల వాల్యూము పెంచాడు. మావారు "పాతబడుతోందిగా" అన్నారు. ఓ షెడ్డుకి తీసుకెళ్తే, అక్కడతను బండి కిందకి తొంగి చూసి, చక్రం ఓసారి కాలితో తన్ని, "వెనక హౌసింగు మొత్తం మార్చాలి" అన్నాడు. అతను చెప్పిన అంకె వింటే మాకే మూలుగొచ్చింది. మూడు నెలల బ్యాంకు వాయిదాలు కలిపినా అంతకాదు.

అప్పుడు మావారి స్నేహితులెవరో రాజమండ్రిలో ఓ ముసలి మేస్త్రీగారి దగ్గరకి పంపారు. ఆయన బండిని ముట్టుకోలేదు. కళ్ళజోడు సర్దుకుని, "చప్పుడెలా ఉందో అందరూ చెప్తారండి. ఎప్పుడొస్తోందో చెప్పండి, ఎక్కడుందో నే చెప్తాను" అన్నారు. మావారూ మరిదీ మొహమొహాలు చూసుకున్నారు. ఎప్పుడంటే, ఎప్పుడూను! కాదట. గ్యాసు తొక్కినప్పుడా, వదిలినప్పుడా? మలుపులోనా, తిన్నటి దారిలోనా? ఖాళీ బండికా, లోడుకా? ఇవన్నీ కాగితం మీద రాసుకు రమ్మన్నారు. నడిపేవాడు రాయలేడు కదా! పద్దుల పుస్తకం పట్టుకుని నేనే మరిది పక్కన కూర్చున్నాను. జొన్నాడ మీదుగా రావులపాలెం దాకా వెళ్ళి వచ్చాం.

బయలుదేరే ముందు మేస్త్రీగారు ఆ వెనక ఏముందో కాస్త చెప్పారు. రెండు వెనక చక్రాల మధ్య ఇనప గుమ్మడికాయలాంటిది వేలాడుతుంటుంది చూడండి, దాన్నే డిఫరెన్షియల్ అంటారు. గుడి చుట్టూ ఇద్దరు ఆడవాళ్ళు చెయ్యీ చెయ్యీ పట్టుకుని ప్రదక్షిణం చేస్తున్నారనుకోండి. మూల తిరిగేటప్పుడు లోపలివైపు ఉన్నావిడ మెల్లిగా నడిస్తే చాలు, బయటివైపావిడ పెద్ద పెద్ద అంగలు వెయ్యాలి. ఇద్దరూ ఒకే వేగంతో నడుస్తామంటే చెయ్యన్నా వదలాలి, ఒకరిని ఒకరు ఈడ్చుకునన్నా పోవాలి. బండి మలుపు తిరిగేటప్పుడు చక్రాల గతీ ఇంతే. ఇద్దరికీ బలం అందిస్తూనే ఎవరి నడక వాళ్ళని నడవనిచ్చే పళ్ళ చక్రాల అమరిక ఆ గుమ్మడికాయలో ఉంది. ఆవిరి బండి కోసం దీన్ని 1820లలోనే పెక్యూర్ అనే ఫ్రెంచి గడియారాల పనివాడు పేటెంటు చేయించాడట. గడియారాలు బాగుచేసే చేతికే తట్టవలసిన ఆలోచన!

ఇంజను నుంచి వచ్చే పొడుగాటి షాఫ్టు చివర చిన్న పళ్ళ చక్రం ఉంటుంది, అది పినియను. అది తిప్పే పెద్ద పళ్ళ చక్రం క్రౌను. ఈ రెండూ కార్ఖానాలో ఒకదానితో ఒకటి ఒరిపిడి పెట్టి జోడీగా తయారు చేసినవి. ఒకటి అరిగితే రెండూ మార్చాల్సిందే. ఒకదానికి సంబంధం వేరే చూస్తే కాపురం నిలవదు, జీవితాంతం ఏడుపే.

ఇక నా పద్దు. ముందు బండి నిలబెట్టి ఇంజను గట్టిగా తొక్కించాను, చప్పుడు లేదు. అంటే ఇంజనుది కాదు. తారు నున్నగా ఉన్నచోటా గరుకుగా ఉన్నచోటా ఒకటే మూలుగు. టైర్లదైతే రోడ్డును బట్టి రాగం మారేదిట. ఖాళీ రోడ్డు మీద బండిని కాస్త ఎడమకీ కుడికీ ఊపినా తేడా లేదు. చక్రం దగ్గరి బేరింగు పోతే బరువు అటు ఒరిగినప్పుడు పెరిగి, ఇటు ఒరిగినప్పుడు తగ్గుతుంది. రావులపాలెంలో ఓ ఖాళీ స్థలంలో గుండ్రంగా రెండు వైపులా తిప్పాం. మలుపులో మాత్రమే వచ్చే చప్పుడైతే లోపలి చిన్న పళ్ళ చక్రాలది. అదీ కాదు. బయలుదేరేటప్పుడు "టక్"మనలేదు కనక షాఫ్టు జాయింట్లూ బాగానే ఉన్నాయి. గ్యాసు తొక్కి లాగుతున్నంతసేపూ దాదాపు నిశ్శబ్దం. యాభై దాటాక కాలు తీశామా, గుర్ర్‌మని లోపలి నుంచి మూలుగు!

మేస్త్రీగారు నా పుస్తకం రెండుసార్లు చదువుకున్నారు. "లాగేటప్పుడు ఏడిస్తే క్రౌనూ పినియను పళ్ళని అనుమానిస్తానండి. వదిలినప్పుడు మూలిగితే ముందుగా పినియను బేరింగునండి" అన్నారు.

అసలు గొడవ ఇక్కడ వచ్చింది. మర్నాడే విశాఖపట్నానికి లోడు వెళ్ళాలి. అడ్వాన్సు తీసుకున్నాం, మొక్కలు గోనెల్లో కట్టి సిద్ధంగా ఉన్నాయి. "ఈ ఒక్క లోడూ దింపేశాక విప్పిద్దాం, చప్పుడేగా" అన్నారు మావారు. "చప్పుడు కాక ఇంకేమన్నా అవుతుందా?" అని నేను మేస్త్రీగారినే అడిగాను. "ఆ బేరింగు ముక్కలైతే పినియను బిగుసుకుపోవచ్చండి. అప్పుడు వెనక చక్రాలు ఒక్కసారిగా ఆగిపోతాయండి. మన స్పీడెంత, వెనకాల లారీ ఎంత దూరంలో ఉంది, అదండి లెక్క" అన్నారాయన, ఎంతో మామూలుగా. మా తోటికోడలికి అప్పుడు ఏడో నెల. మరిది "ఏం కాదులే వదినా, మెల్లిగా పోతాను" అన్నాడు. తాళంచెవి మేస్త్రీగారి చేతిలో పెట్టేశాను. మొక్కలు అద్దె బండిలో వెళ్ళాయి. లాభమంతా అద్దెకే సరిపోయింది, మావారు రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడారు. ఫరవాలేదు.

మూడో రోజు విప్పారు. నేనూ వెళ్ళాను. ఆయిలు తీస్తే గంధకం కంపు. అది జబ్బు కాదుట. ఆ పళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాక జారుతూ రాసుకుంటాయి. హైపాయిడ్ అనే ఈ రకం పళ్ళు 1926లో అమెరికాలో పేకార్డు కార్లతో వాడకంలోకి వచ్చాయి. చప్పుడు తక్కువ, షాఫ్టు కిందకి దిగుతుంది, కానీ మామూలు ఇంజను ఆయిలు పొర ఆ ఒత్తిడికి ఆగదు. అందుకే గంధకం కలిసిన ప్రత్యేకమైన గేరు ఆయిలు పొయ్యాలి. అడుగు బిరడాకి ఉన్న అయస్కాంతానికి కాటుకలాంటి బూడిద రంగు ముద్ద అంటితే సహజమే. మా బండి దానికి కాటుకతో పాటు చమ్కీలు కూడా ఉన్నాయి. బేరింగు పెచ్చులూడుతోంది. ఆయిలు కూడా ఉండవలసినంత లేదు.

ఎక్కడికి పోయింది? మేస్త్రీగారు హౌసింగు పైన బొటనవేలంత టోపీ ఒకటి చూపించారు. బ్రీదరుట. బండి నడుస్తుంటే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఆ టోపీలోంచి బయటికి పోతుంది. నర్సరీ దారుల బురద గట్టిపడి మా బండికి ఆ ముక్కు మూసుకుపోయింది. గాలికి దారి లేక ఆయిల్ సీలుని నెట్టింది, సీలు పక్కనుంచి ఆయిలు బొట్టుబొట్టుగా కారింది, తడి లేక బేరింగు మాడింది. కుక్కరు వెయిటు కింద మెతుకు అడ్డం పడ్డ కథే!

క్రౌను పళ్ళూ పినియను పళ్ళూ తుడిచి, వెలుతురులో పెట్టి ఒక్కో పన్నూ వేలితో తడిమారు. గుంటలు లేవు, విరుగుళ్ళు లేవు. కనక హౌసింగు మార్చనక్కర్లేదు, బేరింగులూ సీలూ మారిస్తే చాలు. అయితే బిగించడంలోనే ఉందిట విద్యంతా. రెండు పళ్ళ మధ్య ఉండవలసిన సందు మిల్లీమీటరులో ఐదో వంతు, బండిని బట్టి కాస్త అటూ ఇటూ. గడియారం ముల్లులాంటి గేజి పెట్టి కొలిచారు. పల్చటి రేకు బిళ్ళలు ఒకటి తీసి ఒకటి వేశారు. తరవాత పళ్ళకి రంగు ముద్ద పూసి తిప్పారు. కృష్ణాష్టమినాడు వాకిట్లో చిన్నికృష్ణుడి అడుగులు పడినట్టు పళ్ళ మీద ముద్రలు పడ్డాయి. ఆ ముద్ర పన్ను నడిమధ్యన పడాలి. అంచుకి జరిగినా, మొదట్లోకి దిగినా బండి మళ్ళీ ఏడుస్తుంది. నాలుగోసారికి కుదిరింది. ముగ్గు చుక్క తప్పితే చెరిపి మళ్ళీ వేసే మా అమ్మ గుర్తొచ్చింది.

పని చేస్తూ చేస్తూ ఆయన ఒక మాట చెప్పారు. పాత బండ్లు అమ్మేవాళ్ళలో కొందరు ఈ హౌసింగులో రంపపు పొట్టు పోసేస్తారట. కొన్నాళ్ళు చప్పుడు వినపడదు. కొన్నవాడు ఇల్లు చేరాక తెలుస్తుంది. "చప్పుడు పోవడం వేరండి, జబ్బు పోవడం వేరండి" అన్నారు. పాటల వాల్యూము పెంచిన మా మరిది అప్పుడు తల వంచుకుని బోల్టులు లెక్కపెడుతున్నాడు.

కొత్త ఆయిలు, కంపెనీ పుస్తకంలో రాసిన రకమే, పోసేచోటి అంచు దాకా పోశారు. ముందు లోడు లేకుండా కొంత దూరం తిప్పి, ఆగి, హౌసింగు మీద చెయ్యి వేసి చూడమన్నారు. వెచ్చగా ఉండాలి, చెయ్యి వెనక్కి లాక్కునేంత కాలకూడదు. వెచ్చగానే ఉంది. మొత్తం ఖర్చు ఆ మొదటి షెడ్డు అంకెలో నాలుగో వంతు కూడా కాలేదు.

అన్నట్టు, ఈ "వదిలినప్పుడు మూలిగే" లక్షణం బండ్లకే కాదండోయ్. మా అత్తగారు సంక్రాంతి నాలుగు రోజులూ అరిసెల మూకుడు ముందు నుంచి కదలరు, ఒక్క మాటనరు. ముక్కనుమ వెళ్ళిన మర్నాడు మొదలవుతుంది, నడుమని, మోకాళ్ళని. "పండగంతా బాగానే ఉన్నారుగా" అని ఇంట్లో మగవాళ్ళు కొట్టిపారేసేవారు. ఈమధ్య మావారు అలా అనడం లేదు. "ఎప్పుడు మొదలైందమ్మా, కూర్చుంటే ఎక్కువా, లేస్తే ఎక్కువా?" అని అడిగి రాసుకుని, డాక్టరు దగ్గరకి ఆయనే తీసుకెళ్ళారు. నెలకోసారి బండి కింద దూరి ఆ బొటనవేలంత టోపీ తుడిచి రావడం కూడా ఆయన పనే.