నాలుగు గంటల బస్సు

"ఫ్రీగ నేర్పుతరంటివి గదనే! మరి నూటయాభై బీడీలు ఎట్ల తక్కువైనయి?"

మా అమ్మ అడిగిన ఈ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. జవాబు దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది. అది కూడా కోరుట్లలో కాదు, సిరిసిల్లలో దొరికింది.

మాది కోరుట్ల. మా వాడలో సగం ఇండ్లల్లో మగవాళ్లు గల్ఫ్‌లో ఉండేవాళ్లు. ఆడవాళ్ల ఒళ్లో బీడీల చాట ఉండేది. నాన్న మస్కట్‌లో పనిచేసేవాడు. ఆయన పంపే పైసలు వీసా కోసం చేసిన అప్పుల మిత్తికే పోయేవి. ఇల్లు గడిచేది బీడీల మీదే. రాత్రి తునికాకు తడిపి పెట్టాలి, పొద్దున్నే కత్తిరించాలి. తంబాకు పోసి, చుట్టి, దారం కట్టాలి. ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట. వెయ్యికి ఇంత అని కూలి. పదో తరగతికే నా వేళ్లు చూడకుండా చుట్టడం నేర్చుకున్నాయి.

2006లో జగిత్యాలలో బీకాంలో చేరాను. అప్పట్లో మా కాలేజీలన్నీ కాకతీయ యూనివర్సిటీ కింద ఉండేవి. శాతవాహన వచ్చింది 2008లో. పొద్దున బస్సులో పాతిక కిలోమీటర్లు పోవడం, సాయంత్రం నాలుగు గంటల బస్సుకు తిరిగి రావడం. ఇంటికి రాగానే బ్యాగు పక్కన పడేసి చాట ముందు కూర్చునేదాన్ని. ఆ బస్సు తప్పితే మళ్లీ గంటన్నర దాకా దిక్కులేదు. ఆ గంటన్నర అంటే నూటయాభై బీడీలు.

రెండో ఏడాదిలో నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. జవహర్ నాలెడ్జ్ సెంటర్. అందరూ జేకేసీ అనేవాళ్లు. సర్కారు డిగ్రీ కాలేజీల్లో చదివే పిల్లలకు ఇంగ్లిష్‌లో మాట్లాడటం, లెక్కలు, రీజనింగ్, కంప్యూటర్, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి, ఏం చెప్పాలి... ఇవన్నీ నేర్పడానికి పెట్టిన శిక్షణ అది. క్లాసులన్నీ కాలేజీ అయ్యాక, సాయంత్రం నాలుగింటికి. పైసా ఫీజు లేదు.

వారం రోజులు వెళ్లాను. ఆ వారమే అమ్మ ఆ ప్రశ్న అడిగింది. ఆమెకు చదువు రాదు కానీ లెక్క తప్పదు. "పద్దెనిమిది నిండినయి. నీ పేరు మీద కార్డు చేయిస్త. పీఎఫ్ పడుతది. రేపు ముసలితనంల పింఛను వస్తది. ఆ ఇంటర్వ్యూలు ఏమిస్తయే?" అంది. ఆమెది మూర్ఖత్వం కాదు. మా వాడలో భద్రత అంటే బీడీ కార్డు. నా ఇంగ్లిష్ క్లాసుకు అలాంటి కార్డు ఏదీ లేదు.

మరుసటి వారం నుంచి రోజు విడిచి రోజు వెళ్లాను. ఆ సెంటర్లో మాకు పాఠం చెప్పే మేడమ్ ఒకరోజు అందరినీ బయోడేటా రాసి తెమ్మన్నారు. నేను సీనియర్ అక్క దగ్గరున్నది తీసుకుని పేరు మార్చాను. హాబీల దగ్గర నవలలు చదవడం, పాటలు వినడం అని ఉంది. అలాగే ఉంచేశాను. ఉత్తుత్తి ఇంటర్వ్యూలో మేడమ్ అడిగారు, "ఈ మధ్య ఏ నవల చదివావమ్మా?" నోరు పెగల్లేదు. వెనక నుంచి కిసుక్కున నవ్వులు. "పోనీ, కాలేజీ అయ్యాక ఏం చేస్తావు?" అన్నారు. "ఏం చెయ్యను మేడమ్, ఖాళీగనే ఉంట" అన్నాను.

ఆమె నా వేళ్ల వంక చూశారు. తంబాకు మరక సబ్బుకు పోదు. అప్పుడేమీ అనలేదు. క్లాసు అయ్యాక పక్కకు పిలిచి, "రోజుకు ఎన్ని చుడతవ్?" అన్నారు.

"సెలవు రోజైతే వెయ్యి దాకా మేడమ్."

"వెయ్యి చుట్టేదానివి ఖాళీగ ఉంటనని ఎట్ల చెప్తున్నవ్?"

ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిందో, ఒకరైనా గుర్తించారని వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆ రోజు ఆమె నేర్పిన ఉపాయం నా డిగ్రీ మొత్తానికి సరిపోయింది. అప్పటిదాకా నా చదువంటే బట్టీయే. గైడు ముందు పెట్టుకుని పదిసార్లు చదవడం, పరీక్ష హాల్లో మర్చిపోవడం. ఆమె ఏమన్నారంటే, "పొద్దున బస్సులో ఒక్క ప్రశ్న చదువు. సాయంత్రం పుస్తకం ముట్టకు. ఒక కట్ట చుట్టేలోపు అందులో ఒక పాయింటు గుర్తు చేసుకుని నీ మాటల్లో చెప్పు. గుర్తు రాకపోతే ఆ కట్టను వేరే పెట్టు. రాత్రికి ఆ కట్టలు లెక్కపెట్టి, అన్ని పాయింట్లే మళ్లీ చదువు." పుస్తకం మూసి గుర్తు చేసుకున్నప్పుడే చదువు నిలుస్తుందని ఇప్పుడు ట్రైనింగుల్లో పెద్ద పెద్ద స్లైడ్లు చూపిస్తారు. నాకది బీడీ కట్టల మీద వచ్చింది. పక్కన కూర్చున్న అమ్మ, "ఏందే గొణుగుతున్నవ్?" అనేది. తరుగుదల అంటే ఏంటో అమ్మకు చెప్పి చూశాను. "మన కత్తెర అరిగినట్టన్న మాట" అంది. పరీక్షలో అదే ఉదాహరణ రాశాను.

దీంతో నా బతుకు ఒక్కరోజులో మారిపోయిందని చెబితే అబద్ధం. మొదటి క్యాంపస్ ఇంటర్వ్యూలో గ్రూప్ డిస్కషన్‌లోనే ఇంటికి పంపారు. రెండోసారీ అంతే. డిగ్రీ అయ్యాక కరీంనగర్‌లో అకౌంట్లు రాసే పని దొరికింది. పనిచేస్తూనే పీజీ చదివాను. తెలంగాణ వచ్చాక జేకేసీ పేరు టీఎస్‌కేసీ అయ్యింది. కొన్నాళ్లకు సిరిసిల్లలో నేనే పిల్లలకు ఈ పాఠాలు చెప్పే పనిలో చేరాను.

అక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఒక అబ్బాయి రోజూ నాలుగు కాగానే బ్యాగు తీసుకుని వెళ్లిపోయేవాడు. పది రోజులు ఊరుకుని, అందరి ముందు కడిగేశాను. "సర్కారు ఇంత ఖర్చు పెట్టి ఫ్రీగా నేర్పిస్తుంటే విలువ తెలవదా? నీ భవిష్యత్తు మీద నీకే సోయి లేదా?" అన్నాను. వాడు తల దించుకుని, "నాయన సాంచాల మీదికి పోతడు మేడమ్. కండెలు నేనే చుట్టాలె" అన్నాడు.

సాంచా అంటే మరమగ్గం. దానికి అడ్డపోగు అందించేది కండె. కండె అయిపోతే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే మీటర్లు తగ్గుతాయి, మీటర్లు తగ్గితే వారం కూలి తగ్గుతుంది. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చాక, దసరా ముందు నెలల్లో ఇంటిల్లిపాదికీ చేతినిండా పని ఉండేది. వాడు మాట్లాడుతుంటే నాకు అమ్మ గొంతు వినిపించింది. నూటయాభై బీడీలు ఎట్ల తక్కువైనయే?

క్లాసు ఫ్రీయే. కానీ గంట ఫ్రీ కాదు. కలిగిన ఇంటి పిల్లలకు ఆ గంట ఊరికే దొరుకుతుంది. మా పిల్లలు దాన్ని కొనుక్కోవాలి. ఈ సంగతి మర్చిపోయి, దాటి వచ్చిన నేనే వాణ్ని సోమరిని చేశాను.

మర్నాడు అందరి ముందే వాడికి సారీ చెప్పాను. క్లాసును మధ్యాహ్నం భోజనం తర్వాతకు మార్చమని ప్రిన్సిపాల్ గారిని అడిగితే ఒప్పుకున్నారు. ఆ తర్వాత వాడి బయోడేటా చూశాను. మళ్లీ అవే నవలలు, అవే పాటలు! కొట్టేయించి, నిన్న పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏం చేశావో తెలుగులో రాయమన్నాను. వాళ్ల నాయన నేసిన మీటర్లు రోజూ నోటుబుక్కులో రాసి, వారం కూలితో సరిచూస్తాడట. ఒకసారి తేడా వస్తే ఆసామికి చూపించి సరిచేయించాడట. బీకాం పిల్లవాడికి ఇంతకన్నా ఏం అనుభవం కావాలి? వాడికి మాత్రం అది 'ఇంటి పని'. ఇంగ్లిష్‌లోకి మార్చడానికి ఇద్దరం రెండు రోజులు కూర్చున్నాం.

2016లో డిగ్రీకి సెమిస్టర్లు, క్రెడిట్లు వచ్చాక నైపుణ్యాల సబ్జెక్టులు టైంటేబుల్‌లోకే వచ్చాయి. రెండేసి క్రెడిట్లు. ఇది మంచి మార్పు. నాలుగు గంటల బస్సుకు పోయే పిల్లకు కూడా ఆ పాఠం అందుతుంది. కానీ పరీక్ష ఉన్నచోటికి గైడు రాకుండా ఉండదు. 'వినడం అనే నైపుణ్యం గురించి రాయుము' అన్న ప్రశ్నకు బట్టీ కొట్టిన జవాబులు నేనే దిద్దాను. ఈత గురించి వ్యాసం రాసినంత మాత్రాన చెరువు దాటగలమా? పాఠం పిల్లల సొంత పనిని తాకకపోతే అది ఇంకో సబ్జెక్టు, అంతే.

మొదటి జీతం అమ్మ చేతిలో పెట్టినప్పుడు ఆమె లెక్కపెట్టి, "నీ బీడీల బాకీ పోను ఇంకా మిగిలినయే" అని నవ్వింది. కార్డు మాట మళ్లీ ఎత్తలేదు. ఆమె కార్డు మాత్రం ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంది.

ఇప్పుడు కొత్త బ్యాచ్ వచ్చినప్పుడు మీ లక్ష్యం ఏంటి, అయిదేళ్ల తర్వాత ఎక్కడ ఉంటారు అని మొదటి రోజే అడగను. అవి తర్వాత. ముందు ఒక్కొక్కరినీ నిలబెట్టి అడిగేది ఒకటే.

"మీ బస్సు ఎన్నింటికి?"